నా దగ్గరికి వచ్చే ప్రశ్నలు

నేనొక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి మేనేజర్ని. మీ టీమ్ సొంతంగా నడుస్తుందా అని ఎవరైనా అడిగితే నేను డాష్‌బోర్డులు తీయను. నా లాప్‌టాప్‌లో ఒక ఫైల్ ఉంది, దాన్ని తీస్తాను. టీమ్‌లో వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలు అందులో రాసుకుంటూ ఉంటాను. ఎవరడిగారో రాయను, ఏమడిగారో మాత్రమే. "ఈ లైబ్రరీ వాడొచ్చా?" "శుక్రవారం డిప్లాయ్ చేయమంటారా?" "కస్టమర్ నిజంగా అడిగింది ఇదేనా, మనం అనుకుంటున్నామా?" ఇలా ఉంటాయి. (డిప్లాయ్ అంటే రాసిన కోడ్‌ని వాడేవాళ్లకి అందేలా విడుదల చేయడం.) అప్పుడప్పుడు కూర్చుని వరసగా చదివితే టీమ్ ఎక్కడుందో తెలిసిపోతుంది. నేనెలాంటి మేనేజర్నో కూడా తెలుస్తుంది, అది వేరే సంగతి.

ఎక్కువగా కనిపించేవి అనుమతి కోసం అడిగేవి. వాటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేవి మరొక రకం ఉన్నాయి. అవి ప్రశ్నల్లా కూడా ఉండవు. "మేడమ్, ఊరికే మీ చెవిన వేసి ఉంచుదామని..." అని మొదలవుతాయి. విషయం చూస్తే నేను చేయాల్సింది ఏమీ ఉండదు. రేపు ఏదైనా తేడా వస్తే "మేడమ్‌కి ముందే చెప్పాను" అనడానికి ఒక ఆధారం, అంతే. అలా అడిగేవాళ్లని తప్పుపట్టలేను. ఎక్కడో, ఎప్పుడో, చెప్పకుండా చేసిన పనికి మాట పడి ఉంటారు. అలాంటి టీమ్ ముందు నిలబడి "ఇవాళ్టి నుంచి నిర్ణయాలు మీవే" అని ప్రకటిస్తే వాళ్లు మర్యాదకి తల ఊపుతారు. మధ్యాహ్నానికి మళ్లీ చెవిన వేయడానికి వస్తారు.

నా అభిప్రాయం ఇది: టీమ్‌కి స్వేచ్ఛ ప్రకటనతో రాదు, మీటింగుల్లో మేనేజర్ నోరు కట్టుకుని కూర్చున్నంత మాత్రాన కూడా రాదు. వచ్చే ఒక్కొక్క ప్రశ్నకి మనం ఏం జవాబిస్తాం, ఎలా ఇస్తాం అన్నదాన్ని బట్టి కొద్దికొద్దిగా వస్తుంది. అంతే కొద్దికొద్దిగా పోతుంది కూడా.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టిన గొడవ కాదు. 2001లో పదిహేడు మంది కలిసి అజైల్ మేనిఫెస్టో (సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే ప్రకటన) రాసినప్పుడు, మంచి డిజైన్లు తమను తాము నడుపుకునే టీమ్‌ల నుంచే వస్తాయని ఒక సూత్రంగా పెట్టారు. దానికి యాభై ఏళ్ల ముందే, 1951లో, ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు బ్రిటన్ బొగ్గు గనుల మీద ఒక పరిశోధన పత్రం వేశారు. బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసి వచ్చినవాడు. యంత్రాలు రాకముందు చిన్న చిన్న జట్లు బొగ్గు తవ్వడం దగ్గర్నుంచి బయటికి చేర్చడం దాకా పని మొత్తం తామే చూసుకునేవి. యంత్రాలొచ్చాక పనిని షిఫ్టులుగా ముక్కలు చేశారు. ఒక షిఫ్టు కోస్తుంది, ఒకటి కన్వేయర్ జరుపుతుంది, ఒకటి బొగ్గు ఎత్తి నింపుతుంది. ముందు షిఫ్టు చేసిన అరకొర పని తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది. ఎవరి ముక్క వాళ్లు పూర్తి చేసినట్టే లెక్క, బొగ్గు మాత్రం అనుకున్నంత బయటికి రాదు. కోడ్ రాసేవాళ్లు ఒకచోట, టెస్ట్ చేసేవాళ్లు ఒకచోట, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) చూసేవాళ్లు ఇంకోచోట ఉన్న ఆఫీసుల్లో పనిచేసినవాళ్లెవరికైనా ఈ కథ చదువుతుంటే ఎవరెవరి మొహాలో గుర్తొస్తాయి.

ప్రశ్నకి జవాబెలా ఇవ్వాలన్న దగ్గరికి వస్తాను. ఒక అబ్బాయి, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవాడు, నా డెస్క్ దగ్గరికి వచ్చాడు.

"ఆ టేబుల్లో కాలమ్ పేరు, టైప్ రెండూ మార్చాలి. మైగ్రేషన్ స్క్రిప్ట్ రెడీగా ఉంది. సాయంత్రం రన్ చేసేయనా మేడమ్?"

మైగ్రేషన్ అంటే డేటాబేస్ ఆకృతిని మార్చడం. జవాబు నాకు తెలుసు. వద్దు, అలా చేస్తే సైట్ పడిపోతుంది, ఇలా చెయ్యి అని రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను ఇవాళ సెలవులో ఉంటే ఏం చేసేవాడివి?"

"రేపటిదాకా ఆగేవాడిని."

"రేపు కూడా రాకపోతే?"

నవ్వాడు. "ఇంకెవరినైనా అడిగేవాడిని."

"సరే, వాళ్లు నిన్ను తిరిగి ఏం అడుగుతారు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "మైగ్రేషన్ అయ్యాక కూడా పాత కోడ్ కొన్ని సర్వర్ల మీద నడుస్తూనే ఉంటుంది కదా... అది పాత పేరుతోనే వెతుకుతుంది. ఎర్రర్లు వస్తాయి." మళ్లీ ఆగాడు. "వెనక్కి వెళ్లాలంటే కూడా కష్టమే. ఈలోపు కొత్తగా వచ్చిన డేటా పోతుంది."

తర్వాత బోర్డు మీద తనే రాసుకుంటూ పోయాడు. ముందు పాతదాని పక్కన కొత్త కాలమ్ చేర్చాలి. కోడ్ రెండింటిలోనూ రాయాలి. పాత డేటాని మెల్లగా కొత్తదాంట్లోకి నింపాలి. అప్పుడు చదవడాన్ని కొత్తదానికి మార్చాలి. కొన్నాళ్లు చూసి, అంతా బాగుంటే పాతదాన్ని తీసేయాలి. ఇది కొత్త విద్యేమీ కాదు, డేటాబేస్‌తో పనిచేసేవాళ్లు చాలాకాలంగా చేస్తున్నదే. అతనికీ తెలుసు. అడిగితే సరిపోతుందిలే అనుకున్నాడు కాబట్టి అంతదాకా ఆలోచించలేదు.

చివరగా ఒకటే అడిగాను: "ఇందులో చేశాక వెనక్కి తీసుకోలేనిది ఏది?"

"పాత కాలమ్ తీసేయడం ఒక్కటే."

"అయితే ఆ ఒక్కదానికి ముందు ఇంకొకరికి చూపించు. మిగతావి నీ ఇష్టం."

జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి అమెజాన్ వాటాదారులకు రాసిన లేఖలో నిర్ణయాలను రెండు రకాలుగా విడదీశాడు. కొన్ని ఒకవైపే తెరుచుకునే తలుపులు, లోపలికి వెళ్తే మళ్లీ రాలేం. మిగతావి రెండువైపులా తెరుచుకుంటాయి. కంపెనీ పెద్దదయ్యేకొద్దీ రెండో రకం నిర్ణయాలకు కూడా మొదటి రకానికి చేసినంత తతంగం చేయడం మొదలవుతుందని ఆయన ఫిర్యాదు. ఆ మాట మా పనికి అతికినట్టు సరిపోతుంది. ఫీచర్ ఫ్లాగ్ (మార్పుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనకాల పెట్టిన మార్పుకి ముగ్గురి సంతకాలెందుకు? ఒక్క క్లిక్‌తో వెనక్కి తీసుకోవచ్చు. అందుకే నేను కోచింగ్‌లో ఎక్కువ సమయం "ఏది సరైన నిర్ణయం" మీద పెట్టను. "దీన్ని ఎంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలవు" అనే దాని మీద పెడతాను. రోల్‌బ్యాక్, అంటే మార్పుని వెనక్కి తీసుకోవడం, నిమిషాల్లో అయిపోయే టీమ్‌కి ధైర్యం దానంతటదే వస్తుంది. డిప్లాయ్‌కి పూట పట్టే టీమ్‌కి ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా భయం పోదు, పోకూడదు కూడా.

మర్నాడు మా ఛానెల్లో ఆ అబ్బాయి మెసేజ్: "పదకొండింటికి మొదటి స్టెప్ డిప్లాయ్ చేస్తున్నాను. ఎర్రర్ రేటు పెరిగితే ఫ్లాగ్ ఆపేస్తాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈలోపు చెప్పండి." నేను ఏమీ రాయలేదు. బొటనవేలు ఎమోజీ కూడా పెట్టలేదు. పెడితే అదే అనుమతి అయిపోతుంది, మరుసటిసారి దానికోసం ఎదురుచూస్తారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు డేవిడ్ మార్కె అనే అమెరికన్ నేవీ కెప్టెన్. 1999లో ఆయనకి యూఎస్ఎస్ శాంటా ఫే అనే జలాంతర్గామి అప్పగించారు. ఆయన చదువుకున్నదంతా వేరే జలాంతర్గామి గురించి. ఒక డ్రిల్‌లో, ఆ నౌకలో అసలు లేని ఒక వేగానికి ఆర్డర్ ఇచ్చాడు. పక్కనున్న ఆఫీసర్ అలాంటిది లేదని తెలిసి కూడా ఆ ఆర్డర్‌ని కిందివాళ్లకి అలాగే చెప్పాడు. ఎందుకు చెప్పావంటే, మీరు చెప్పారు కాబట్టి అన్నాడు. ఆ తర్వాత ఆయన తన ఆఫీసర్లను అనుమతులు అడగడం మానేసి, ఏం చేయబోతున్నారో చెప్పమన్నాడు. నాకు ఈ కథలో ఆ ఆఫీసర్ ముఖ్యం. తెలివితక్కువవాడు కాదు, విషయం తెలిసినవాడు. తెలిసి కూడా చెప్పకపోవడం మన స్టాండప్ మీటింగుల్లో రోజూ జరిగేదే.

అయితే ప్రతిదానికీ "నువ్వేమనుకుంటున్నావ్?" అని ఎదురు ప్రశ్న వేసే మేనేజర్లంటే నాకు చిరాకు. నిన్న చేరిన అమ్మాయి లాగ్‌లు ఎక్కడుంటాయని అడిగితే లింక్ ఇవ్వాలి, తత్వబోధ కాదు. ప్రొడక్షన్ పడిపోయి ఉన్నప్పుడు జవాబు తెలిసినవాళ్లు జవాబు చెప్పాలి. తెలియనివాళ్లని ప్రశ్నలతో తిప్పడం కోచింగ్ కాదు, వేధింపు. తెలిసినా ధైర్యం చాలనివాళ్లకే ప్రశ్నలు పనికొస్తాయి. ఎవరు ఏ విషయంలో ఏ స్థితిలో ఉన్నారో గుర్తుపట్టడమే ఈ ఉద్యోగంలో సగం. ఒకే మనిషి డేటాబేస్ విషయంలో ఆరితేరి, సెక్యూరిటీ విషయంలో ఓనమాల దగ్గర ఉండొచ్చు.

హద్దులు కూడా చెప్పాలి. "అన్నీ మీ ఇష్టం" అని చెప్పి, వాళ్లు తీసుకున్న మూడో నిర్ణయాన్ని కొట్టేస్తే, మొదటి రెండింటికీ విలువ పోతుంది. మా దగ్గర కొన్ని విషయాలు టీమ్ తనంతట తాను తేల్చకూడదు: వేరే టీమ్‌లు వాడుతున్న ఏపీఐని (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే మార్గాన్ని) తెగ్గొట్టడం, కస్టమర్ల వ్యక్తిగత డేటా కొత్తచోటికి వెళ్లడం, ప్రొడక్షన్‌లోకి కొత్త ప్రోగ్రామింగ్ భాష రావడం. ఇవి రాసి పెట్టాం. రాసినవి కాక మిగిలినవన్నీ టీమ్‌వే. జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, కానీ అసలు లేకపోతే మాత్రం మేనేజర్ మూడ్ చూసి ఊహించుకోవాల్సి వస్తుంది.

హద్దుల్లో నాకు బాగా నచ్చింది గూగుల్ ఇంజినీర్లు వాడుకలోకి తెచ్చిన ఎర్రర్ బడ్జెట్. సర్వీస్ 99.9 శాతం సమయం పనిచేయాలని ముందే అనుకుంటే, 30 రోజుల్లో 43 నిమిషాల 12 సెకన్లు పడిపోయినా పర్వాలేదన్నమాట. ఆ నిమిషాలు మిగిలి ఉన్నంతవరకు ఎంత వేగంగా రిలీజ్ చేస్తారో టీమ్ ఇష్టం. అవి అయిపోతే కొత్త ఫీచర్లు ఆపి స్థిరత్వం మీద పడాలి. 99.99 అనుకుంటే మిగిలేది నాలుగు నిమిషాల పైచిలుకే, కాబట్టి ఆ అంకె ఎంచుకునేటప్పుడే ప్రోడక్ట్ వాళ్లతో గట్టిగా మాట్లాడుకోవాలి. ఇందులో ఉన్న సుఖమేమిటంటే "ఇక ఆపండి" అని నేను చెప్పక్కర్లేదు. గ్రాఫ్ చూసి వాళ్లే ఆపుతారు. ఒకసారి ప్రోడక్ట్ మేనేజర్ ఒక ఫీచర్ కోసం నా దగ్గరికి వచ్చి గట్టిగా పట్టుబట్టారు. నేను కలగజేసుకోలేదు. ఆయన్ని టీమ్ దగ్గరికే పంపాను, వాళ్లు మిగిలిన నిమిషాలు చూపించారు. ఇష్టం లేకపోయినా ఆయన ఒప్పుకున్నారు.

కోచింగ్‌తో నయం కాని జబ్బులు కొన్నున్నాయి, వాటిని టీమ్ మీదకి నెట్టకూడదు. ఒక చిన్న మార్పు బయటికి వెళ్లాలంటే ఇంకో రెండు టీమ్‌లు కూడా డిప్లాయ్ చేయాల్సి వస్తుంటే, ఆ టీమ్‌కి స్వేచ్ఛ కాగితం మీదే ఉంటుంది. మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే చెప్పాడు, ఒక సంస్థ తయారుచేసే సిస్టమ్ ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరుకి నకలులా ఉంటుందని. ఇలాంటిచోట నేను చేసే మొదటి పని టికెట్లు, అంటే ఒక్కో పనికి ఉండే రికార్డులు, తిరగేయడం. పని జరిగిన సమయం ఎంత, వేరేవాళ్ల కోసం ఆగిన సమయం ఎంత అని చూస్తాను. ఆగిన సమయం ఎక్కువుంటే అది మా వాళ్ల చొరవ లోపం కాదు, టీమ్‌ల మధ్య గీతలు తప్పుగా గీశారని అర్థం. ఆ గీతలు చెరిపే అధికారం ఇంజినీర్లకి ఉండదు, మేనేజర్లకే ఉంటుంది. మ్యూజిక్ కంపెనీ స్పాటిఫైలో టీమ్‌లు ఎలా ఉంటాయో హెన్రిక్ క్నిబెర్గ్, ఆండర్స్ ఐవార్సన్ 2012లో రాశారు. ఇది ఇప్పటి పరిస్థితికి ఒక ఫొటో మాత్రమే, మేమింకా మారుతూనే ఉన్నాం అని అందులోనే చెప్పారు. అయినా ఎన్నో ఆఫీసులు టీమ్‌ని వాళ్లలాగే స్క్వాడ్ అనడం మొదలుపెట్టి, గీతల్ని మాత్రం అలాగే ఉంచాయి. ఆ మీటింగుల్లో నేనూ కూర్చున్నాను. స్లైడ్లు రంగురంగులుగా బాగుండేవి.

తయారుచేసినవాళ్లే నడపాలన్నది అమెజాన్‌కి చెందిన వెర్నర్ వోగెల్స్ 2006లో ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట. ఇప్పుడు అందరూ వల్లె వేస్తారు. రాత్రి రెండింటికి ఆన్‌కాల్ (సిస్టమ్ పాడైతే ఎప్పుడైనా స్పందించాల్సిన డ్యూటీ) ఫోన్ మోగే బాధ్యత ఇచ్చి, ఆ అలర్ట్‌కి మూలకారణం సరిచేయడానికి పగలు సమయం ఇవ్వకపోతే, అది స్వేచ్ఛ కాదు, వెట్టిచాకిరీ. మా దగ్గర ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి ఆ వారం ఫీచర్ పని ముట్టుకోరు. తన నిద్ర చెడగొట్టినదాన్ని ముందు సరిచేస్తారు. బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) దాన్ని పైకి జరపడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఏదైనా పాడైన రాత్రి మొదటి కొన్ని నిమిషాలు చాలా కీలకం. ఒకసారి కాన్ఫిగ్ (సెట్టింగుల) మార్పు వల్ల చెల్లింపులు ఆగిపోయాయి. కాల్‌లోకి పైనుంచి ఒకాయన వచ్చి, "ఎవరు చేశారిది?" అన్నారు. చేసిన మనిషి కాల్‌లోనే ఉన్నారు, రోల్‌బ్యాక్ కమాండ్ టైప్ చేస్తున్నారు. "మా టీమ్ చేసింది. ఎలా జరిగిందో రేపు రాసి పంపిస్తాం. ఇప్పుడు సరిచేస్తున్నాం" అన్నాను. ఆయనకి నచ్చలేదు. కానీ మర్నాడు రాసిన పోస్ట్‌మార్టమ్‌లో ఆ ఇంజినీర్ నాకు తెలియని విషయాలు కూడా రాశారు: చెక్ చేసే స్క్రిప్ట్ కొన్నాళ్లుగా ఫెయిలవుతోందని, అందరూ దాన్ని దాటేసి వెళ్తున్నారని, తామూ అదే చేశామని. పేరు పట్టుకుని నిలదీసి ఉంటే ఆ వాక్యం వచ్చేది కాదు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసినప్పుడు ఇలాంటిదే బయటపడింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువుంటాయని అనుకున్నారామె. లెక్కలు తిరగబడ్డాయి, మంచి టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. వాళ్లు దాచకుండా చెప్పేవాళ్లు, అదీ తేడా.

ఇక మేనేజర్ పక్కకి తప్పుకున్నాక ఆ ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటారనే సంగతి. చాలా టీమ్‌లలో అందరికంటే సీనియర్, అందరికంటే గట్టిగా మాట్లాడే మనిషి కూర్చుంటాడు. పేరుకి టీమ్ నిర్ణయం, జరిగేది ఆయన చెప్పింది. మేనేజర్ పెత్తనమైతే కనీసం అందరికీ కనపడుతుంది, దీనికి పేరు కూడా ఉండదు. మా టీమ్‌లో అలాంటాయన ఉన్నారు, నిజంగా గొప్ప ఇంజినీర్. ఇద్దరమే కూర్చునే వన్ ఆన్ వన్ మీటింగులో ఒకటే అడిగాను: డిజైన్ చర్చల్లో మీరు చివర్లో మాట్లాడగలరా? మొదట నొచ్చుకున్నారు. "నాకు తెలిసింది చెప్పకుండా టైమ్ వేస్ట్ చేయడమెందుకు?" అన్నారు. ప్రయత్నించి చూడమన్నాను. మొదట్లో చర్చలు నత్తనడక నడిచాయి, ఆయన పెన్ను తిప్పుతూ కూర్చునేవారు. తర్వాత మిగతావాళ్లు ఆయన చెప్పబోయేది ముందే ఊహించి దానికి జవాబు తయారుచేసుకుని రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయనకి కూడా కాస్త సరదాగానే ఉన్నట్టుంది.

అలాంటి ఒక చర్చలోనే టీమ్ నా మాట కాదంది. బ్యాక్‌గ్రౌండ్ పనులకి ఒక మెసేజ్ క్యూ (పనులను వరసలో పెట్టి అందించే ప్రత్యేక సర్వర్) పెడదామన్నది నా వాదన. డేటాబేస్‌లోనే ఒక టేబుల్ పెట్టి, అందులోంచి ఒక్కొక్కటీ తీసుకుని చేద్దామని వాళ్లది. మనకున్న లోడ్‌కి అది చాలు, కొత్తగా ఇంకో సర్వర్ చూసుకునే పని ఉండదు అన్నారు. నా అభ్యంతరాలు చెప్పాను. విన్నారు, మార్చుకోలేదు. మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ 2011లో సూచించిన పద్ధతిలో మేం ప్రతి పెద్ద నిర్ణయాన్ని ఒక చిన్న ఫైల్‌గా కోడ్ పక్కనే పెడతాం: అప్పటి పరిస్థితి ఏమిటి, ఏం తేల్చాం, దాని పర్యవసానాలేమిటి. అందులో నా అభ్యంతరం కూడా రెండు వాక్యాల్లో ఉంది. ఏ స్థాయి లోడ్ దాటితే మళ్లీ మాట్లాడుకోవాలో కూడా రాశారు. ఆ టేబుల్ ఇప్పటిదాకా బాగానే నడుస్తోంది. క్యూ అయితే ఇంకా బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. రెండూ నిజం కావచ్చు. నా మాటే నెగ్గాలనుకుంటే, ఆ తర్వాత వాళ్లు చర్చకి వచ్చేవాళ్లు కాదు, నా మాట కోసం వచ్చేవాళ్లు.

ఇదంతా విని, మరి మీరేం చేస్తారు అని అడిగేవాళ్లుంటారు, ముఖ్యంగా అప్రైజల్ సమయంలో. మంచి ప్రశ్నే. "నేను తీసుకోని నిర్ణయాలు" అని ఫారంలో రాయడానికి గడి ఉండదు. నేను రాసేది ఇలా ఉంటుంది: టీమ్ ఎంత తరచుగా రిలీజ్ చేస్తోంది, మార్పు రాసినప్పటి నుంచి ప్రొడక్షన్‌కి చేరేదాకా ఎంత సమయం పడుతోంది, చేసినవాటిలో ఎన్ని పాడవుతున్నాయి, పాడైతే ఎంతసేపట్లో లేస్తోంది. ఇవి టీమ్ మొత్తానికి కొలతలు. మనిషి మనిషికీ విడగొట్టి పోల్చమని ఎవరైనా అంటే ఆ పని చేయను, చేసిన మరుక్షణం అంకెలు అందంగా తయారవుతాయి. నా పనంటారా, ఈ నెలంతా పక్క టీమ్ లీడ్‌తో ఒక ఏపీఐ గురించి బేరమాడుతున్నాను. పాత వెర్షన్‌ని ఇంకొన్నాళ్లు నడపమని వాళ్లు, ఆ భారం మా వాళ్ల ఆన్‌కాల్ మీద పడుతోందని నేను. ఇంకా తెగలేదు. బుధవారం మళ్లీ కూర్చుంటున్నాం, ఈసారి మా వైపు నుంచి ఆ కాలమ్ మార్చిన అబ్బాయి కూడా వస్తున్నాడు. అలర్ట్‌ల లెక్క అతని దగ్గరే ఉంది.